ఉడుం బాబాయి మాట

ఆ పశువుల ఆస్పత్రికి డాక్టర్లు వస్తుంటారు, బదిలీ మీద పోతుంటారు. ఉడుం బాబాయి మాత్రం ఇరవై తొమ్మిదేళ్లుగా అక్కడే ఉన్నాడు. హాజరు పట్టీలో ఆయన అటెండరు. చేసే పని పట్టుకోవడం. కరవబోయే కుక్కని, తన్నబోయే దూడని, రక్కబోయే పిల్లిని డాక్టరు పని అయ్యేదాకా కదలకుండా పట్టుకోవాలి. ఆయన పట్టు ఉడుం పట్టని మొదటి డాక్టరు ఎప్పుడో సరదాకి అన్నాడు. ఆ డాక్టరు పోయాడు, పేరు మిగిలింది. ఇప్పుడు పెళ్లాం తప్ప ఆయన్ని అసలు పేరుతో ఎరిగినవాళ్లు లేరు, ఆవిడేమో పేరు పెట్టి పిలవదు.

పట్టుకోవడంతో పాటు ఆయనకి ఇంకో పని కూడా ఉంది. చూసి చెప్పడం. మందు మింగిందా, కక్కేసిందా, మేత ముట్టిందా, లేచి నిలబడిందా, అన్నీ ఆయనే చూసి చెప్పాలి. డాక్టరు ఒక్కరే, పశువులు వంద. అన్నిటి వెనకా తిరిగే ఓపిక ఏ డాక్టరుకి ఉంటుంది? అందుకని కొత్త డాక్టరు ఎవరొచ్చినా పాత డాక్టరు వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పి వెళ్లేవాడు: బాబాయి చెప్పాడంటే ఇంక చూడక్కర్లేదు, రాసేసుకో. పొట్టి స్టూలు, నీలం చొక్కా, చేతుల నిండా పాత పళ్ల గాట్లు తప్ప ఆ ఆస్పత్రిలో బాబాయికి సొంతమైంది ఏదైనా ఉందంటే ఆ ఒక్క మాటే. దాన్ని ఆయన చాలా జాగ్రత్తగా కాపాడుకున్నాడు. ఒక్క రోజు తప్ప.

ఆ రోజుకి ఆయన కూతురు కవల పిల్లల్ని కని నలభై మూడు రోజులైంది. ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లాడు. ఇద్దరూ కలిసి ఏడ్చినా బాగుండేది, కలిసి పడుకునేవాళ్లేమో. వంతులేసుకున్నట్టు ఒకరు ఆపాక ఒకరు అందుకునేవారు. అల్లుడికి దూరాన ఉద్యోగం, వారానికోసారి వచ్చి పిల్లల్ని ఎత్తుకుని మురిసి వెళ్లిపోయేవాడు. మిగిలిన ఆరు రాత్రులూ తాతవి. పగలు కుక్కల్ని పట్టుకుని, రాత్రి పిల్లల్ని పట్టుకుని, బాబాయి నిలబడ్డచోటే కునుకు తీసే స్థితికి వచ్చేశాడు. ఎవరైనా పలకరిస్తే ఒక క్షణం ఆగి గాని జవాబు వచ్చేది కాదు.

పదకొండు గంటలకి పాలవ్యాను డ్రైవరు ఒక కుక్కని గోనెపట్టా మీద వేసుకుని తెచ్చాడు. వెనకే ఒకావిడ చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చింది. డ్రైవరు ముఖం పాలిపోయి ఉంది. తను హారన్ కొట్టానని, కొడుతూనే ఉన్నానని, కుక్క తప్పుకోకుండా ఎదురొచ్చిందని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్తున్నాడు. ఆవిడ అతని వైపు చూడనైనా చూడలేదు.

ఆవిడది కుట్టుపని. బస్టాండు వెనక వీధిలో మేడమెట్ల కింద ఒక గది, గదిలో ఒక తొక్కుడు మిషను, ఆ మిషను కింద ఈ కుక్క. తొమ్మిదో ఏట జ్వరమొచ్చి ఆవిడ రెండు చెవులూ పోయాయి. మాట పోలేదు, కాకపోతే తన గొంతు తనకి వినపడదు కాబట్టి అన్ని మాటలూ ఒకే ఎత్తులో గట్టిగా వస్తాయి. ఎదుటివాళ్ల పెదాలు చూసి అర్థం చేసుకుంటుంది. గిరాకీవాళ్లు వచ్చి తలుపు కొడితే కుక్క ఆవిడ మోకాలిని మూతితో పొడుస్తుంది. కుక్కరు కూత వేసినా అంతే, గిన్నె కింద పడినా అంతే. అందుకే వీధిలో అందరూ దాన్ని బెల్లు అని పిలుస్తారు. ఆ రోజు కూడా అది తన డ్యూటీయే చేసింది. హారన్ వినపడగానే, రోడ్డు దాటుతున్న ఆవిడకి చెప్పడానికి పరిగెత్తింది. దారిలో వ్యాను ఉంది.

డాక్టరమ్మ ఉద్యోగంలో చేరి రెండేళ్లు. వయసు చిన్నదే గాని పని పద్ధతిగా చేస్తుంది. బెల్లు వెనక కుడికాలు నేలకి ఆనించలేకపోతోంది, గది గదంతా ఆ కాలినే చూస్తోంది. డాక్టరమ్మ మాత్రం ముందుగా ఆ కాలి మీద ఒక తువ్వాలు కప్పేసింది. అది ఆవిడ అలవాటు. కాలు విరిగిన కుక్క కాలు విరిగి చావదు బాబాయ్, లోపల ఏదో పగిలి చస్తుంది అంటుంది. కనపడే దెబ్బ కళ్లని లాగేస్తుందని, అందుకే దాన్ని కప్పెయ్యాలని ఆవిడ లెక్క.

బాబాయి కుక్క మెడ కింద ఒక చెయ్యి, పొట్ట కింద ఒక చెయ్యి వేసి పట్టుకున్నాడు. డాక్టరమ్మ పెదవి ఎత్తి చిగుళ్లు చూసింది. వేలితో నొక్కి వదిలి, తెల్లబడ్డ చోట రంగు ఎంతసేపటికి తిరిగొస్తుందో మనసులో లెక్కపెట్టింది. పరవాలేదు. ఊపిరి లెక్కపెట్టింది, గుండె విన్నది, రొమ్ము రెండు వైపులా విన్నది. పరవాలేదు. వెన్నెముక మీద ఒక్కొక్క పూసా తడుముకుంటూ తోకదాకా వెళ్లింది. పట్టుకారుతో వెనక కాలి వేలు గిల్లితే బెల్లు కాలు లాక్కుని, తల తిప్పి ఆవిడ వైపు బాధగా చూసింది. డాక్టరమ్మ దానికి సారీ చెప్పి, చూసింది కాబట్టి నరాలు బాగున్నాయని కుట్టు మిషను ఆవిడకి పెదాలు కనపడేలా వివరించింది. చివరికి పొట్ట నొక్కింది. బెల్లు బిగుసుకుంది. నొప్పికా, భయానికా, చెప్పడం కష్టం.

ఎక్స్‌రేలో తుంటి ఎముక ఒకచోట చిట్లినట్టు తేలింది. ఆపరేషను అక్కర్లేదు, ఆరు వారాలు కదలకుండా ఉంటే అతుక్కుంటుంది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఒక్కటే తేలలేదు. ఫిల్ములో మూత్రాశయం కనపడాల్సిన చోట అంతా మసగ్గా ఉంది. భయంతో రోడ్డు మీదే పోసేసుకుంటే ఖాళీ అయి కనపడకపోవచ్చు. లేదంటే పగిలిపోయి ఉండొచ్చు. స్కానింగు మిషను రిపేరుకి వెళ్లి ఐదు నెలలైంది, దాని ఊసు ఎత్తినవాళ్లు లేరు. ఇక మిగిలింది పాత పద్ధతి. సెలైన్ ఎక్కించి సాయంత్రం దాకా ఉంచాలి, పెరట్లో తిప్పాలి, మూత్రం పోస్తుందో లేదో చూడాలి. నిండా పోస్తే ఇంటికి పంపొచ్చు. పొయ్యకపోతే పొట్టలోకి సూది వేసి, లోపల చేరింది ఏమిటో లాగి చూడాలి.

"చుక్కలు కాదు బాబాయ్, ఎంత పోసిందో కూడా చూడండి" అని చెప్పి డాక్టరమ్మ వాకిట్లో నిలబడ్డ గేదె దగ్గరికి వెళ్లిపోయింది.

ఒంటిగంటకి ఒకసారి, రెండున్నరకి ఒకసారి బాబాయి బెల్లు పొట్ట కింద తువ్వాలు వేసి, ఆ తువ్వాలు రెండు కొసలూ పట్టుకుని, వెనక భాగం బరువు తనే మోస్తూ పెరట్లో తిప్పాడు. రెండుసార్లూ అది కూర్చోబోయి లేచింది. పొయ్యలేదు. అలాగే వచ్చి చెప్పాడు. మూడోసారి నాలుగు గంటలకి తీసుకెళ్లాడు. పెరట్లో గోడ వారగా కుళాయి ఉంది, దాని పక్కన సిమెంటు మెట్టు ఉంది. ఎండ ఆ మెట్టు మీద పడుతోంది. తువ్వాలు వదలకుండా ఒక్క నిమిషం కూర్చుందామనుకున్నాడు. కూర్చున్నాడు. కళ్లు మూతలు పడ్డాయి.

ఎంతసేపో తెలీదు. తువ్వాలు చేతిలోంచి జారేసరికి ఉలిక్కిపడి చూశాడు. బెల్లు రెండడుగుల అవతల మూడు కాళ్ల మీద నిలబడి ఉంది. దాని వెనక నేల తడిగా ఉంది. ఆ కుళాయి కారుతుందని ఆయనకి తెలుసు. వాషరు మార్చాలని మూడు వారాలుగా ఆయనే అనుకుంటున్నాడు. వంగి వాసన చూస్తే సరిపోయేది, ఇంకో అరగంట ఆగి మళ్లీ తిప్పినా సరిపోయేది. కానీ ఐదింటికి ఇంటికెళ్లాలి, పిల్లల్ని అందుకుంటే గాని కూతురు స్నానానికి లేవలేదు. ఒళ్లంతా కూర్చున్న చోటే ఉండిపోతానంటోంది. పోసే ఉంటుందిలే అనుకున్నాడు.

"పోసింది" అన్నాడు లోపలికొచ్చి.

"ఎంత?"

"బాగానే పోసింది."

డాక్టరమ్మ తల ఎత్తకుండా రాసేసుకుంది. నొప్పికి మాత్రలు ఇచ్చి, పొద్దున మళ్లీ తెమ్మని పంపేసింది. కుట్టు మిషను ఆవిడ ఇద్దరికీ దణ్ణం పెట్టింది. పాలవ్యాను డ్రైవరు పాపం సాయంత్రం దాకా గేటు దగ్గరే కాచుకుని ఉన్నాడు, అతనే ఇంటి దగ్గర దింపాడు.

ఆరున్నరకి బాబాయి తన ఇంట్లో మంచం మీద కూర్చుని, ఒళ్లో మనవరాలిని పెట్టుకుని మోకాళ్లు ఊపుతున్నాడు. పిల్లలు బక్కగా పుట్టారని, పాలు చాలుతున్నాయో లేదో తెలియాలంటే రోజుకి ఎన్ని గుడ్డలు తడుపుతున్నారో లెక్క పెట్టుకోమని పిల్లల డాక్టరు చెప్పింది. అందుకని గోడ మీద ఇద్దరికీ రెండు వరసల బొగ్గు గీతలు. వంటింట్లోంచి భార్య అడిగింది, చిన్నది పోసిందా అని.

"పోసింది" అన్నాడు.

ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, గీత గియ్యబోయే ముందు అలవాటు కొద్దీ గుడ్డ కింద చెయ్యి పెట్టింది.

"పొడిగా ఉంది కదండీ" అంది. కోపమేమీ లేదు ఆవిడకి. "చూసి చెప్పారా, చూడకుండా చెప్పారా?"

బాబాయి మోకాళ్లు ఊగడం ఆగిపోయింది. పిల్ల కళ్లు తెరిచింది. తన నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో ఆయనకి తెలిసింది, సాయంత్రం కూడా సరిగ్గా అలాగే వచ్చింది. ఇంట్లో ఆయన మాటని నమ్మేవాళ్లు లేరు, చెయ్యి పెట్టి చూస్తారు. ఆస్పత్రిలో నమ్ముతారు. పిల్లని భార్య చేతుల్లో పెట్టి చొక్కా తగిలించుకున్నాడు. ఇప్పుడెక్కడికండీ అంటే ఆస్పత్రి పనేనని ఒక్క ముక్క చెప్పి బయటపడ్డాడు.

బస్టాండు వెనక వీధి నడిచేంత దూరమే. మేడమెట్ల కింద గదిలో దీపం వెలుగుతోంది. లోపల మిషను నడుస్తున్న చప్పుడు బయటికి వినపడుతోంది. తలుపు కొట్టాడు. మిషను ఆగలేదు. గట్టిగా కొట్టాడు. ఆగలేదు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి, ఆ ఇంటికి తలుపు కొట్టి ప్రయోజనం లేదని.

కిటికీ దగ్గరికెళ్లి చూశాడు. ఆవిడ వీపు ఇటు పెట్టి కుడుతోంది. బెల్లు మిషను కింద పాత దుప్పటి మీద పడుకుని ఉంది. కొట్టిన చప్పుడికి దాని చెవులు నిక్కాయి. తల ఎత్తి తలుపు వైపు చూసింది, ఆవిడ మోకాలి వైపు చూసింది. లేవబోయింది. ముందు కాళ్లు లేచాయి, వెనక భాగం లేవలేదు. కూలబడింది. పొట్ట పక్కలకి ఉబ్బి ఉంది, అది కిటికీలోంచే కనపడుతోంది. బాబాయి చెయ్యి కిటికీ కమ్మీ మీద బిగుసుకుంది. ఊరుకోవే, లేవకు, అన్నాడు దానితో. దానికి ఆ మాట అక్కర్లేదు. మళ్లీ లేవబోయి, లేవలేక, నేల మీద జానెడు జానెడు పాక్కుంటూ వెళ్లి, తొక్కుడు పలక మీద ఆడుతున్న ఆవిడ పాదం మీద గడ్డం ఆనించింది.

మిషను ఆగింది. ఆవిడ తల తిప్పి తలుపు వైపు చూసింది.

లోపలికి వెళ్లి బాబాయి బెల్లు పక్కన కూర్చున్నాడు. ఇంటికొచ్చాక పోసిందా అని అడిగాడు. లేదంది ఆవిడ. నీళ్లు తాగి ఒకసారి కక్కిందంది. చిగుళ్లు చూశాడు, మధ్యాహ్నం ఉన్న రంగు లేదు. చెవులు చల్లగా ఉన్నాయి. డాక్టరమ్మకి ఫోన్ చేసి, దుప్పటితో సహా కుక్కని ఎత్తుకుని ఆస్పత్రికి నడిచాడు. ఆవిడ పక్కనే పరుగులాంటి నడకతో వచ్చింది. దారి పొడుగునా ఆయన పెదాల వైపే చూసింది, అవి కదల్లేదు.

డాక్టరమ్మ వచ్చి బల్ల దగ్గర దీపం వేసింది. పొట్ట మీద చిన్న చోట బొచ్చు గీసి, సన్నటి సూది గుచ్చి వెనక్కి లాగింది. సిరంజిలోకి లేత ఎరుపు కలిసిన పసుపు నీళ్లు వచ్చాయి. వాసన చూడక్కర్లేకపోయింది. పొద్దుటి నుంచి మూత్రమంతా పొట్టలోకే కారుతోంది. విషం ఒంటికెక్కుతోంది, ఇప్పటికిప్పుడు మత్తిస్తే తట్టుకోదు. ముందు పొట్టలో ఉన్నది బయటికి తీసి, మూత్రం గొట్టం వేసి, సెలైన్ ఎక్కించి తేరుకోనివ్వాలి. తేరుకుంటే పొద్దున్నే కోసి చిల్లు కుట్టాలి. తేరుకుంటుందా అంటే చెప్పలేనంది డాక్టరమ్మ. సాయంత్రమే కనిపెట్టి ఉంటే చెప్పగలిగేదాన్నని కూడా అంది.

గొట్టం వేస్తూ ఆవిడే మళ్లీ అంది. "చిల్లు పడినా కొన్ని కుక్కలు పోస్తాయి బాబాయ్. పుస్తకాల్లో ఉంది. పోసింది కదా అని నేనే సూది వెయ్యకుండా పంపేశాను. తప్పు నాది."

బాబాయి బెల్లు తల దగ్గర పట్టుకుని ఉన్నాడు. ఊరుకుంటే సరిపోతుంది. పెరట్లో ఎవ్వరూ లేరు, కుక్క చెప్పదు. డాక్టరమ్మ తనంతట తానే తప్పు నెత్తిన వేసుకుంది, పైగా పుస్తకం సాక్ష్యం కూడా పలికింది. ఇరవై తొమ్మిదేళ్లు కూడబెట్టుకున్నది ఎక్కడికీ పోదు. చాలా అలసిపోయి ఉన్నాడు ఆయన, ఊరుకోవడం తేలిక కూడా.

"అది పోసిందో లేదో నాకు తెలీదమ్మా" అన్నాడు. "నేను చూడలేదు. నిద్రపోయాను. కుళాయి నీళ్లు చూసి చెప్పాను."

డాక్టరమ్మ చెయ్యి ఆగింది. "బాగానే పోసింది అన్నారు."

"అన్నాను."

ఆవిడ మళ్లీ గొట్టం మీదికి వంగింది. తిట్టినా బాగుండేది. బాబాయి చెప్పేటప్పుడు వంగి ఉన్నాడు, కుట్టు మిషను ఆవిడకి ఆయన పెదాలు కనపడలేదు. ఆయన అది గమనించాడు. గమనించి, తల ఎత్తి, ఆవిడ వైపు తిరిగి, అవే మాటలు ఒక్కొక్కటిగా మళ్లీ చెప్పాడు. రెండోసారి చెప్పడం ఎక్కువ కష్టమైంది.

ఆవిడ ఆ హెచ్చుతగ్గులు లేని గొంతుతో, "మీరు తలుపు కొట్టారని అదే చెప్పింది నాకు" అంది. అని బెల్లు చెవి నిమురుతూ కూర్చుంది.

పొద్దున్నే ఆపరేషను జరిగింది. మూత్రాశయానికి బొటనవేలి గోరంత చిల్లు. డాక్టరమ్మ దాన్ని రెండు వరసలుగా కుట్టింది, బాబాయి దీపం పట్టుకున్నాడు. బెల్లు బతికింది. మూడు రోజుల తర్వాత గొట్టం తీసేసి పెరట్లోకి తీసుకెళ్లమంది డాక్టరమ్మ. తువ్వాలు వేసి తీసుకెళ్లాడు. వెనక చెప్పుల చప్పుడు వినపడి తిరిగి చూస్తే డాక్టరమ్మ మెట్టు మీద నిలబడి ఉంది. బెల్లు కూర్చుని, తీరిగ్గా, చాలాసేపు పోసింది. ఆఖరి చుక్కదాకా ఇద్దరూ చూశారు. ఎంత పోసిందని ఆవిడ అడగలేదు. లోపలికెళ్లి తనే రాసుకుంది.

ఆ తర్వాత ఏ కుక్కని పెరట్లో తిప్పినా ఆవిడ వచ్చి చూసి వెళ్తుంది. చేతిలో పని వదిలేసి మరీ వస్తుంది. మాటలో తేడా లేదు, బాబాయ్ అని పిలవడంలో తేడా లేదు. ఆవిడది తప్పని బాబాయి అనుకోడు. కుళాయికి వాషరు మార్చాడు. మెట్టు మీద కూర్చోవడం మానేశాడు. చెప్పుల చప్పుడు వినపడినప్పుడల్లా మాత్రం ఆయనకి సిగ్గుగా ఉంటుంది, ఆ సిగ్గు రిటైరయ్యేదాకా ఉంటుందని ఆయనకి తెలుసు.

ఆరు వారాలు గడిచాయి. ఇంట్లో పిల్లలు కాస్త ఒళ్లు చేసి, రాత్రుళ్లు మూడు గంటలు వరసగా పడుకుంటున్నారు. ఒక సెలవు రోజు పొద్దున బాబాయి బస్టాండు వెనక వీధికి వెళ్లాడు. బెల్లు ఎలా నడుస్తుందో చూసి రమ్మని ఎవరూ చెప్పలేదు. చూసి ఎవరికైనా చెప్పాల్సిన పని కూడా లేదు. మేడమెట్ల కింద గది తలుపు వేసి ఉంది, లోపల మిషను నడుస్తోంది. చెయ్యి ఎత్తి, కొట్టడానికి కాసేపు జంకాడు.

ఒక్కసారి కొట్టాడు. లోపల గచ్చు మీద గోళ్లు టకటకమన్నాయి. మిషను ఆగింది.